ఇస్త్రీబల్ల పక్కన

ఎర్ర ఇస్త్రీపెట్టెకి అడుగున కన్నాలు మరీ ఎక్కువ, జల్లెడలా ఉంది, ఇన్ని కన్నాలెందుకో, ఆవిరి రావడానికేనమ్మా అంటోంది కొట్టావిడ కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుంటూ, ఆవిరి రావడానికని తనకి తెలియదా ఏమిటి, బొంతలు కుట్టడం మొదలుపెట్టిన దగ్గర్నించీ ఇస్త్రీపెట్టెతోనే కాపురం, కాకపోతే కన్నం ఉన్న చోట వేడి తగలదు, కుట్టు సరిగ్గా అక్కడే పడిందంటే చుట్టూ అణిగి మధ్యలో ఉబ్బుగా ఉండిపోతుంది, చొక్కాలకీ దుప్పట్లకీ అయితే ఎవరూ పట్టించుకోరు, బొంతకి అలా కుదరదు, అరచేతంత ముక్కలు, ఒక్కో ముక్కకి నాలుగు వైపులా కుట్టు, ఒకటి ఉబ్బితే పక్కదాన్ని తోస్తుంది, అది దాని పక్కదాన్ని తోస్తుంది, చివరికి బొంత బొంతంతా పడుకోనని మొరాయిస్తుంది, ఈ సంగతి చెబితే కొట్టావిడ నవ్వుతుంది, నవ్వనీ, ఇంట్లో మేడమీద పైనున్నదానికి మాత్రం ఇవేవీ ఎవరూ చెప్పక్కర్లేదు, దాని బొంతలు పరిచిన చోట పరిచినట్టు బుద్ధిగా పడుకుంటాయి, ఎలా పడుకుంటాయో ఏమో, దాని పెట్టెకి కన్నాలున్నాయో లేవో చూద్దామంటే ఇంతవరకూ చూడలేదు, చూడనివ్వదు, కాదులే, చూడనివ్వకపోవడమేమిటి, పగలంతా తలుపు బార్లా తెరిచే ఉంటుంది, తనే మెట్లెక్కదు.

పైనున్నది తోడికోడలు, మరిది పెళ్ళాం, ఇంట్లో అందరికీ చిన్నమ్మాయి, తనేమో పెద్దమ్మాయి, ఆ పేర్లు పెట్టింది అత్తయ్యే, ఎవరికీ ఎక్కువా తక్కువా ఉండకూడదనట, అదిగో అక్కడే నవ్వొస్తుంది, ఎక్కువా తక్కువా లేకపోతే నిన్న సాయంత్రం ఫోన్లో ఆ మాట ఎలా వచ్చింది ఆవిడ నోటినించి, తను వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది, చేతులే వంటింట్లో ఉన్నాయి, చెవులు హాల్లోనే ఉన్నాయి, అవతల ఆడపడుచు, నెలలు నిండుతున్నాయి, మొదటి కాన్పు, ఉయ్యాలలోకి బొంత కావాలని గారాలు పోతోంది కాబోలు, చిన్నమ్మాయి అప్పుడే మొదలుపెట్టేసిందే తల్లీ, పసుపూ తెలుపూ ముక్కలు, పక్కన నేనున్నాగా, నీకెందుకే బెంగ, అంది అత్తయ్య, అంతే, ఇంకేమీ అనలేదు, పెద్దమ్మాయినీ ఓ మాట అడుగుతానైనా అనలేదు, మాటవరసకైనా అనలేదు, తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచి, ఆరిన గిన్నెని ఎందుకు తుడుస్తున్నానో తెలియక దాని మీద కోపం తెచ్చుకుని, ఠపీమని పెట్టింది అరమీద, హాల్లోకి వినబడేటట్టు, వినబడలేదు, ఆవిడ నవ్వుతోంది ఫోన్లో.

అసలు ఆ ఇంట్లోకి బొంత అన్న మాట తెచ్చిందెవరు, తను, మిషను తెచ్చిందెవరు, తను, పాతబట్టల మూట చూసి పారేద్దామన్న మనిషికి ఆ మూటలోంచే మొదటి బొంత కుట్టి చూపించిందెవరు, ఆడపడుచు ఇప్పటికీ కప్పుకుని పడుకునేది ఎవరి బొంత, ఇవాళ దాని బిడ్డకి మొదటి బొంత కుట్టేది మాత్రం నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, పోనీ చేతకాని పిల్ల అయినా బావుండేది, ముక్కల మూలలు ఒకదానికొకటి సూదిమొనంత తేడా లేకుండా కలుస్తాయి, పండక్కూడదు గానీ కళ్ళు పండిపోతాయి చూస్తే, అదే బాధ, బాగోలేదని అనడానికి లేకుండా చేసింది, ఎవరైనా ఎలా ఉందక్కా అని అడిగితే రంగులు కొంచెం లేతగా ఉన్నాయి అనాలి, అంతకు మించి వంక దొరకదు.

అందుకే పొద్దున్నే సంచి భుజానేసుకుని బయల్దేరింది, ఎక్కడికి అన్నాడు ఆయన బూట్లు తుడుచుకుంటూ, ఇస్త్రీపెట్టె కొనాలి, ఉన్నదానికేమొచ్చింది, రోగమొచ్చింది, నీళ్ళు పోస్తే గోధుమరంగు చుక్కలు కక్కుతోంది తెల్లబట్ట మీద, అయితే నీళ్ళు పొయ్యకు, అని సలహా ఇచ్చి వెళ్ళిపోయాడు మహానుభావుడు, సలహాలకేం కొదవ లేదు ఆ ఇంట్లో, మనుషులకే కొదవ, ఆయనకి చెప్పలేదు గానీ తన ఎత్తు వేరే ఉంది, తనూ కుడుతుంది ఉయ్యాల బొంత, ఎవరికీ చెప్పదు, గది తలుపు వేసుకుని కుడుతుంది, అదీ పసుపూ తెలుపే, కావాలనే అవే రంగులు, చిన్నదాని బొంత పూర్తయిన రోజున అందరూ భోజనాల బల్ల దగ్గర చేరినప్పుడు తనదీ తెచ్చి పక్కన పరుస్తుంది, ఏమీ అనదు, చూసుకోండి అన్నట్టు నిలబడుతుంది, ఆ పైన, అవసరం పడితే, ఆ రెండో సంగతి కూడా బయటపెడుతుంది, చిన్నదాని గుట్టు, ఇన్నాళ్ళూ నోట్లో దాచుకున్నది, అది బయటపడిన రోజున అత్తయ్య మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూనే ఈ కొట్టుదాకా నడిచొచ్చింది, వీధి దాటేటప్పుడు సైకిల్ ఆయన తిట్టిన తిట్టు కూడా తియ్యగానే వినబడింది.

ఇది చూడండమ్మా, నీలం రంగుది, కొత్తగా వచ్చింది, కాసేపు ముట్టుకోకపోతే దానంతటదే ఆగిపోతుంది, ఇల్లు కాలుతుందన్న భయం లేదు, ఆగిపోతే ఎలాగండీ, ఒక వరస కుట్టి ఇటు తిరిగేసరికి అది హాయిగా నిద్రపోతూ ఉంటుంది, మళ్ళీ లేపి, వేడెక్కేదాకా దాని మొహం చూస్తూ కూర్చోవాలి, కుట్టడం ఎక్కువసేపా ఇస్త్రీ ఎక్కువసేపా మీకు, అంది కొట్టావిడ, ఈవిడ కాస్త తెలిసినదానిలాగే ఉంది, కొంచెం కుట్టడం, కొంచెం నొక్కడం, కొంచెం కుట్టడం, కొంచెం నొక్కడం, పొద్దంతా అదే వరస, అయితే ఆగిపోయేది మీకొద్దు, మరీ ఖరీదైనదీ వద్దు, అవునండీ, చవగ్గా ఉండాలి, పదికాలాలు మన్నాలి, నీళ్ళు కారకూడదు, మొన సన్నగా ఉండాలి, వైరు పొడుగ్గా ఉండాలి, అంతేనా, ఇంకేమైనా ఉన్నాయా, అంటూ నవ్వింది కొట్టావిడ, అలాంటి మొగుడు దొరకడం కూడా కష్టమేనమ్మా.

వేడి చేసి చూడొచ్చా అంటే చూడండి దానికేం అని ఓ చెక్కబల్ల చూపించింది, కాలిన మచ్చల కంబళి పరిచి ఉంది దానిమీద, ఎంతమంది ఎన్ని పెట్టెలు పరీక్షించారో, తను సంచిలోంచి రెండు ముక్కలు తీసింది, ఇంటి దగ్గరే జోడించి తెచ్చుకుంది, కావాలని ఏటవాలుగా కోసిన ముక్కలు, పెట్టె గుణం తెలియాలంటే ఏటవాలు కోత మీదే పెట్టాలి, నిలువుకోత గుడ్డ ఎంత వెధవ పెట్టెనైనా భరిస్తుంది, ఏటవాలుది భరించదు, కాస్త లాగితే చాలు సాగిపోతుంది, మీరు కొనడానికొచ్చారా పరీక్ష పెట్టడానికొచ్చారా అంది కొట్టావిడ, రెండూనూ, ఎర్రది ప్లగ్గులో పెట్టి, వేడెక్కాక కుట్టు మీద పెట్టి, నొక్కి, తీసి, పెట్టి, నొక్కి, తీసి, రుద్దకూడదు, అదొక్కటి గుర్తుంటే చాలు, రుద్దితే గుడ్డ అలలు తేలుతుంది, మొదటి బొంత అలాగే పాడుచేసింది తను, సముద్రంలా తయారైంది, ఒసే అమ్మాయ్, నువ్వు దాన్ని రుద్దుతున్నావే, అది దుప్పటా, పెట్టి తియ్యి, పెట్టి తియ్యి, ఏదీ ఇలా ఇవ్వు నాకు, అని అప్పుడు చేతిలోంచి పెట్టె లాక్కున్నది అత్తయ్యే.

లాక్కుని మళ్ళీ ఇవ్వలేదు, అప్పట్నించీ ఇస్త్రీబల్ల ఆవిడదైపోయింది, ఇటు మిషను మీద తను, వెనకాల బల్ల దగ్గర ఆవిడ, ఆవిడది ఎడమచేతివాటం కనుక బల్లని గోడవైపునించి ఇటు తిప్పారు, వైరు ఎడమపక్కకి వచ్చేలా మేకుకి వేలాడదీశారు, ఎప్పుడో తలుపు సందులో పడి ఆ చేతి చూపుడువేలు వంగదు ఆవిడకి, పెట్టె పట్టుకుంటే ఆ వేలొక్కటి ముందుకి చాచుకుని ఉంటుంది, దారి చూపిస్తున్నట్టు, తను ముక్కలు జోడించి చూడకుండానే భుజం మీదుగా వెనక్కి చాపేది, ఆవిడ అందుకునేది, టప్, టప్, ఆ చప్పుడు వీపు వెనక వినబడుతూ ఉండేది, మాటలు వినబడుతూ ఉండేవి, పక్కింటివాళ్ళ కోడి గురించి, మావయ్య బతికున్నప్పుడు ఆయన గురక గురించి, ఆడపడుచు చిన్నప్పుడు బటన్లు మింగిన సంగతి గురించి, చెప్పినవే చెప్పేది, అది విన్నానత్తయ్యా అంటే విన్నదానివైతే నువ్వు చెప్పు అనేది, తను చెబితే తప్పులు పట్టేది, కుట్టు పోయినా మాట పోకూడదు ఆవిడకి, నొక్కిన ముక్క భుజం మీదుగా వెచ్చగా వచ్చి వొళ్ళో పడేది.

ఎర్రది వద్దండీ, బరువుగా ఉంది, బరువుంటేనే కుట్టు అణుగుతుంది కదమ్మా, అణుగుతుంది గానీ, ఏమో, చెయ్యి లాగేస్తోంది, పోనీ ఈ పచ్చది, పచ్చది తేలిగ్గా ఉంది గానీ పిడి ఇరుకు, వేలు పట్టడం లేదు, ఏ వేలమ్మా, ఈ వేలే, అబ్బ, అన్నిటికీ వంకలు పెడుతున్నానని విసుక్కుంటోందేమో ఈవిడ, విసుక్కోదులే, పొద్దున్నే బేరం, ఇంకెవరూ లేరు కూడా.

ఆ పనంతా ఎందుకు ఆగిపోయిందంటే ఎవరి తప్పూ లేదు, ఆవిడ మోకాళ్ళే, నిలబడి నిలబడి సాయంత్రానికి వాచిపోయేవి, నూనె రాసుకుంటూ మూలిగేది, చూడలేక, నిజంగా చూడలేకే, తను ఆ చిన్న పెట్టె కొనుక్కొచ్చింది, మిషను పక్కనే మోచేతి దగ్గర పట్టేటంతది, కుట్టి, కూర్చున్నచోటే ఇటు తిరిగి నొక్కుకోవచ్చు, లేవక్కర్లేదు, ఎవరూ నిలబడక్కర్లేదు, ఇంక మీరు హాయిగా కూర్చోండత్తయ్యా, నేను చూసుకుంటాగా, అంది, ఎంత మంచి మాట, ఏ అత్తగారికి ఏ కోడలు అంటుంది అంత మంచి మాట, ఆవిడ కూడా అవునే తల్లీ అదే మంచిది అని, పెద్ద పెట్టె వైరు చుట్టి పైన పెట్టేసి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది, కూర్చుని వీధి చూసేది, మధ్యాహ్నం నిద్రపోయేది, ఇదివరకు పగలు నిద్రపోయే మనిషి కాదు, ఏమిటత్తయ్యా ఒంట్లో బావులేదా అంటే, బానే ఉందే, పనేముంది, అనేది, పని త్వరగా తెమిలేది తనకి, రెండింతలు తెమిలేది, గది మాత్రం మరీ నిశ్శబ్దంగా ఉందని పాత రేడియో ఒకటి తెచ్చి పెట్టుకుంది.

ఆ తరవాత దిగింది చిన్నది, నవ్వుమొహం, సన్నటి గొంతు, అక్కా అక్కా అంటూ వెనకే తిరిగేది, వచ్చిన వారంలోనే చేతి మీది మచ్చ చూపించింది, మణికట్టు దగ్గర పొడుగ్గా, ఇది ఇస్త్రీపెట్టె ముద్దక్కా, పెళ్ళికి ముందు బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ సెక్షన్లోనే చేశాను, కాలర్లన్నీ నావే, ఒక్కటి వెనక్కి వచ్చేది కాదు తెలుసా, అని గొప్పలు కూడా పోయింది, తను విని ఊరుకుంది, పైన మిషను పెట్టించుకుంటాను, నీలా బొంతలు కుడతాను అంటే, కుట్టుకో నాకేం అనుకుంది, ముచ్చటగానే అనుకుంది, తీరా ఓ రోజు ఆరేసిన బట్టలు తియ్యడానికి డాబా మీదికి పోతూ మెట్ల మలుపులో వింది, అత్తయ్యతో అంటోంది ఆ సన్నటి గొంతు, నాకు కుట్టడమైతే వచ్చింది గానీ ఇస్త్రీ అస్సలు రాదత్తయ్యా, ఎంత పెట్టినా కుట్లు వంకరపోతున్నాయి, అక్కకైతే మీరే చేసిపెట్టేవారట కదా, అంది, ఎంత అబద్ధం, కాలర్ల మీద కాలర్లు దులిపేసిన చెయ్యి, ఇస్త్రీ రాదట, నంగనాచి, తను మెట్ల మీదే నిలబడిపోయింది బట్టల బుట్టతో, లోపలికెళ్ళి అడిగేద్దామా, నీ చేతి మీది మచ్చ అబద్ధమాడిందా అని, అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ అడగలేదు, ఎందుకడగలేదు, సమయం రావాలని, అప్పటికే లోపల కుర్చీ జరిగిన చప్పుడు, ఏదీ ఇలా ఇవ్వు, అన్న గొంతు, అదే గొంతు, అవే మాటలు, ఏదీ ఇలా ఇవ్వు నాకు, అంతకంటే పుండు మీద కారం ఏముంటుంది.

అప్పట్నించీ మోకాళ్ళనొప్పులు ఏమయ్యాయో ఎవరూ అడగరు, తన గదిలో నిలబడలేని మోకాళ్ళు పొద్దున్న టీ తాగగానే మెట్లెక్కుతాయి, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి, గోడ పట్టుకుని, ఆగి, మళ్ళీ ఎక్కి, కింద తను మిషను మీద వంగి వింటూ ఉంటుంది ఆ కాళ్ళ చప్పుడు, ఇక దిగివస్తుందేమో, సగంలో అలిసిపోయి దిగివస్తే బావుండును అనుకున్న రోజులున్నాయి, సిగ్గుచేటు, అయినా అనుకుంది, దిగిరాలేదు, కాసేపటికి పైన టప్, టప్, ఇంటి కప్పు మీద ఎవరో వేలితో కొడుతున్నట్టు, ఆ పైన నవ్వులు, బటన్లు మింగిన కథ చెబుతోంది, ఎక్కడ నవ్వాలో తనకి తెలుసు కదా, సరిగ్గా అక్కడే నవ్వుతోంది చిన్నది, తను రేడియో గొంతు పెంచేది, మరి పై చప్పుడు వినబడేది కాదు, వినబడకపోతే ఇంకా మండేది, మళ్ళీ తగ్గించేది, ఒకసారి భోజనాల దగ్గర, పైకి ఎక్కితే మోకాళ్ళు నొప్పెట్టడం లేదా అత్తయ్యా అంది, చాలా మామూలుగా అంది, నొప్పెడతాయే, ఏం చేస్తాం, ఆ పిల్లకి ఇస్త్రీ రాదుగా మరి, అని నవ్వి, నేను వెళ్ళకపోతే అన్నీ పాడుచేసుకుంటుంది, అంది, ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహం, ఏదో ఉద్యోగంలో చేరినదానిలా, వయసు సగం తగ్గినట్టు, చూడలేకపోయింది తను, కంచంలోకి చూసుకుంది, చిన్నది కూడా కంచంలోకే చూసుకుంటోంది, చూసుకోదూ మరి, తేలుకుట్టిన దొంగలా.

ఇదొక్కటి చూడండమ్మా, నచ్చకపోతే మానెయ్యండి, అని కొట్టావిడ కింది అరలోంచి నల్లది తీసింది, హంగులేమీ లేవు, అడుగు నున్నగా ఉంది, కన్నాలు లేవు, నీళ్ళ తొట్టి లేదు, దానంతటదే ఆగిపోయే తెలివితేటలు లేవు, తడి కావాలంటే ముక్క మీద నీళ్ళు చిలకరించుకోవడమే, కుట్టుపని వాళ్ళు చాలామంది ఇదే పట్టుకెళతారు, చవక, నీళ్ళే లేవు కనుక కారేదీ లేదు, తిరిగి రిపేరుకి వచ్చింది నేను చూళ్ళేదు, బరువు మధ్యస్తం, పిడి వెడల్పు, వేడెక్కింది, పెట్టి, నొక్కి, తీసింది, ముక్కలు చక్కగా విడిపోయి పడుకున్నాయి, ఏటవాలు కోత కూడా నోరెత్తలేదు, మూల దగ్గర మొన దూరింది, ఇదే, ఇంకేం కావాలి, అయినా ఏదో అడ్డం పడుతోంది, వైరు, వైరు కుడిపక్కనించి వస్తోందండీ, గుడ్డ మీద పడిపోతోంది, ఇది ఎడమపక్కకి మారదా, అంది, కొట్టావిడ కళ్ళజోడు నెత్తిమీదినించి కళ్ళ మీదికి దించుకుని తన వంక చూసింది, తన చేతి వంక చూసింది, కుడిపక్కనించి వస్తే అడ్డం ఎందుకొస్తుందమ్మా, మీది ఎడమచేతివాటమా.

కాదు, అంది, అని తన చేతి వంక తనూ చూసుకుంది, ఎడమచెయ్యి, నల్లపెట్టె ఎడమచేతిలో ఉంది, ఇందాకటి ఎర్రదీ ఎడమచేత్తోనే ఎత్తింది, అందుకే చెయ్యి లాగేసింది, పచ్చదీ అంతే, పిడి ఇరుకు, వేలు పట్టడం లేదు అంది, ఏ వేలు, చూపుడువేలు, చాచుకుని ఉంది ఇప్పటికీ, నిటారుగా, వంగకపోవడానికి తన వేలికేమొచ్చిందని, మరి ఎవరి చేతికి చూస్తున్నారమ్మా పొద్దుటినించీ, అంది కొట్టావిడ, వేళాకోళానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని, పెట్టె బల్ల మీద నిలబెట్టి, వేలు మడిచి, మళ్ళీ చాపి, ఎవరూ చూడకుండా గుప్పిట్లో దాచుకుంది.

గది తలుపు వేసుకుని ఒంటరిగా కుట్టి గెలవడానికి కదా వచ్చింది, ఆ గదిలో ఆవిడ చేతికి సరిపడే పెట్టె ఎందుకు, ఎవరు నిలబడతారని, తన మనసుకి తెలియకుండా తన చెయ్యి ఆవిడకి చోటు వెతుకుతోంది, చోటు లేకుండా చేసిందెవరు, చిన్నది కాదు, చిన్నది వచ్చేసరికే ఆవిడ కిటికీ పక్క కుర్చీలో ఉంది, మధ్యాహ్నాలు నిద్రపోతోంది, పనేముందే అంటోంది, ఆ మాట తను రోజూ వింది, విని రేడియో కొనుక్కుంది, చిన్నది ఒక్కసారి వింది, విని అబద్ధమాడింది, కాలర్లు ఇస్త్రీ చేసిన చేతుల్ని వెనక్కి దాచుకుని నాకు రాదత్తయ్యా అంది, మచ్చ కనబడకుండా పొడుగుచేతుల జాకెట్లు తొడుక్కుంటోంది ఈ మధ్య, ఎండల్లో కూడా, అది ఎందుకో ఇప్పటిదాకా తట్టలేదు, తనకి వచ్చిన పనిని రాదని చెప్పుకోవడం ఎంత కష్టం, తనైతే ఛస్తే చెప్పదు, గొప్ప పనిమంతురాలు కదా, అన్నీ తనే చూసుకుంటుంది కదా, మంచిమాట చెప్పి మనిషిని కూర్చోబెట్టింది తను, అబద్ధం చెప్పి లేపి నిలబెట్టింది అది, ఇంత చిన్న అబద్ధం, చెవిలో పువ్వంత అబద్ధం, అది తనకెందుకు తోచలేదు, ఇన్నేళ్ళు కలిసి పనిచేసినదానికి, అంతకుముందు మూలల మీదా కుట్ల మీదా ఉన్న కుళ్ళంతా ఇప్పుడొచ్చి ఆ అబద్ధం మీద పడింది, ఇది ఇంకా పెద్ద కుళ్ళు, మూలలు నేర్చుకోవచ్చు, ఇది ఎక్కడ నేర్చుకోవాలి.

తీసుకుంటారా అమ్మా, ఒక్క నిమిషం ఆగండి, అని అత్తయ్యకి ఫోన్ చేసింది, మోగుతోంది, ఎత్తింది ఆవిడ, వెనకాల మిషను టకటకలాడుతోంది, పైనే ఉందన్నమాట, ఏమే పెద్దమ్మాయ్, ఎక్కడున్నావ్, అత్తయ్యా, మన వీధి చివర కొట్లోనే ఉన్నాను, ఇస్త్రీపెట్టె కొందామని వచ్చాను, ఏది తీసుకోవాలో నాకు తెలియడం లేదు, అనేసింది, కొట్టావిడ నోరు తెరిచింది, జల్లెడ కన్నాల దగ్గర్నించి వైరు దాకా ఇంత పాఠం విన్న మనిషి కదా, తెరిచిన నోరు మళ్ళీ మూసుకుంది, పాపం మంచిదే, నీకు తెలియకపోవడమేమిటే, అంటోంది అత్తయ్య, లేదత్తయ్యా, అన్నీ ఒకేలా ఉన్నాయి, పెద్ద బల్ల మళ్ళీ వేసుకుందామనుకుంటున్నాను, చిన్న పెట్టెతో కుట్లు అణగడం లేదు, నా వల్ల కావడం లేదు, మీరు పట్టుకుని చూస్తే గానీ, అవతల మిషను చప్పుడు ఆగింది, తరవాత ఆ గొంతు, కొంచెం మారి, నాకు తెలుసే, ఆ బుల్లిపెట్టె కొన్న రోజునే అనుకున్నాను, దాంతో అయ్యే పనికాదని, అనొచ్చుగా మరి అప్పుడే, ఎందుకనలేదు, అనలేదు ఆవిడ, ఉండు, చెప్పులేసుకుని వస్తున్నా, తొందరపడి ఏదీ కొనకు, అంది, అని వెంటనే, చిన్నమ్మాయిని కూడా తీసుకురానా, పాపం దానికి ఇస్త్రీ గురించి అక్షరం ముక్క తెలియదు, చూసి నేర్చుకుంటుంది.

వచ్చింది మాట నాలుక చివరిదాకా, ఇన్నాళ్ళూ దాచుకున్న మాట, సమయం రావాలని దాచిన మాట, ఇంతకంటే సమయం ఏముంటుంది, ఆ ఒక్క మాట అంటే చాలు, ఆవిడ రేపట్నించి మెట్లెక్కదు, పై చప్పుడు ఆగిపోతుంది, పసుపూ తెలుపూ ముక్కలు అక్కడే ఉండిపోతాయి, ఆవిడ మాత్రం కిటికీ పక్కకి వెళ్ళి కూర్చుంటుంది, ఇద్దరు కోడళ్ళకీ అక్కర్లేనిదాన్నన్నమాట అనుకుంటూ, అవునత్తయ్యా, దానికేం తెలుసు, మీరే నేర్పాలి, అంది, ఇది రెండో అబద్ధం, మొదటిదానికంటే తేలిగ్గా వచ్చింది, అక్కడితో ఆగితే ఎంతో పెద్దమనసు అనిపించుకునేది, ఆగలేకపోయింది, మరి తీసుకురానా అని ఆవిడ ఇంకా అడుగుతూనే ఉంది, పక్కనించి వస్తానక్కా అని ఆ సన్నటి గొంతు కూడా వినబడింది, వస్తే ముగ్గురూ కలిసి నవ్వుకుంటూ వెళ్ళొచ్చు, బొంత కూడా అదే కుట్టుకోవచ్చు, కుట్టుకోనీ, బిడ్డ వెచ్చగా పడుకుంటే చాలు, అవన్నీ ఇచ్చెయ్యగలదు తను, బొంత ఇచ్చెయ్యగలదు, పేరు ఇచ్చెయ్యగలదు, పొద్దున్నపూటలన్నీ పైకే ఇచ్చెయ్యగలదు, ఇదిగో ఈ వీధి చివరిదాకా ఆవిడ ఒక్కొక్క అడుగే వేసుకుంటూ తనకోసమే నడిచి రావడం ఉందే, అదొక్కటి పంచుకోలేదు, ఇవాళ్టికి మీరొక్కరే రండత్తయ్యా, అంది, అని, ఫోన్ సంచిలో వేసుకుని, గుమ్మం దగ్గరికి వచ్చి వీధి వంక చూస్తూ నిలబడింది, ఇన్నాళ్ళూ తను ఏడ్చింది కుట్లకోసం కాదు, మూలలకోసం కాదు, తనకి అత్తయ్య కావాలి, అంతే.